వర్ణం మొదటి నుంచి అయితే వస్తుంది, మధ్యలోంచి ఎత్తుకోమంటే రాదు: ఇంకో నూరుసార్లు వాయిస్తే పోతుందా?

సారణి_తీగ:

వీణ మీద మోహన రాగంలో వర్ణం (పల్లవి, ముక్తాయి స్వరం, చరణం, ఎత్తుగడ స్వరాలు అని వరసగా భాగాలుండే రచన), ఆది తాళం (తాళం ఒక చుట్టు అంటే ఒక ఆవర్తనం). పల్లవి మొదటి అక్షరం నుంచి ఎత్తుకుంటే రెండు కాలాల్లోనూ (మామూలు వేగం, దానికి రెట్టింపు) ఆఖరి ఎత్తుగడ స్వరం దాకా చెయ్యి ఎక్కడా తడబడదు. మధ్యలో ఆపి "నాలుగో ఎత్తుగడ స్వరం, రెండో ఆవర్తనం నుంచి అందుకో" అంటే మాత్రం చేతులు కట్టేసినట్టు అయిపోతుంది. పల్లవి దాకా వెనక్కి వెళ్ళి అక్కణ్ణుంచి పరిగెత్తుకుంటూ వస్తే గానీ ఆ చోటు దొరకదు. వీణ పక్కన పెట్టి స్వరం నోటితో చెప్పమన్నా అంతే. ఎడమ చెయ్యి గాల్లో కదిలిస్తే గానీ నోట్లోంచి ఊడిపడదు.

రోజుకి గంట చొప్పున నాలుగు నెలల సాధన ఉంది. "నూరుసార్లు వాయిస్తే అదే కూర్చుంటుంది" అంటారు కదా, నూరు ఎప్పుడో దాటింది. అడగదలచుకున్నవి రెండే. ఇదే పద్ధతిలో ఇంకో నూరు వాయిస్తే ఈ లోపం పోతుందా, ముదురుతుందా? సాధన చేసింది మెదడులో ఒక్క దారిలో కాకుండా రెండు మూడు దారుల్లో పక్కపక్కనే నిలుస్తుందని అంటారు. ఇక్కడ ఏ దారి గట్టిపడింది, ఏది పడలేదు? దసరాకి ఆరు వారాలుంది, అప్పటికి గుళ్ళో వాయించాలి.

నాడీ_పటం:

ముదురుతుంది. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

మీ వర్ణానికి మెదడులో ఉన్నది ఒక్క ప్రతి కాదు, కనీసం రెండు. ఒకటి నోటితో చెప్పగలిగే జ్ఞాపకం: నాలుగో ఎత్తుగడ స్వరం ఏ స్వరంతో మొదలవుతుంది, దాని రెండో ఆవర్తనం సమం (మొదటి దెబ్బ) మీద ఏం పడుతుంది, ఇలాంటివి. దీనికి కణతల లోపలి వైపు ఉండే హిప్పోక్యాంపస్, నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పెద్ద దిక్కు. రెండోది చేతి జ్ఞాపకం. మెదడు లోతున ఉండే బేసల్ గాంగ్లియా, అందులోనూ స్ట్రయేటమ్ అనే భాగం, దీన్ని మోస్తాయి. వేలు పడాల్సిన చోట పడకుండా కాస్త పక్కకి పడితే మరుసటిసారికి సరిచేసేది చిన్నమెదడు. అది మూడో దారి అనుకోండి. మీ ఇబ్బంది అక్కడ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

"ముందు బుద్ధి నేర్చుకుని, తర్వాత చేతికి అప్పగించి తను తప్పుకుంటుంది" అని చాలామంది అనుకుంటారు. అప్పగింతలేం ఉండవు. మొదటి రోజు నుంచే రెండూ పక్కపక్కన నేర్చుకుంటాయి, ఒకటి త్వరగా, ఒకటి నిదానంగా. ఇవి విడివిడి దారులని ఎలా తెలిసిందంటే, ఒకటి పోయినా ఇంకోటి పనిచేసిన మనుషుల వల్ల. మూర్ఛలు తగ్గించడానికి హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి 1953లో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆపైన జరిగిన సంగతి ఏదీ ఆయనకి నిలవలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయన చేత, చెయ్యి నేరుగా కనపడకుండా అద్దంలో మాత్రమే చూస్తూ, నక్షత్రం బొమ్మ రెండు గీతల మధ్య పెన్సిల్ నడిపించారు. మూడు రోజులు, రోజుకి పది సార్లు. తప్పులు రోజురోజుకీ తగ్గాయి. ఆ పని ముందు రోజు చేసినట్టు మాత్రం ఆయనకి గుర్తు లేదు. దీనికి తిరగేసిన కేసు పార్కిన్సన్స్ రోగులది. వాళ్ళలో దెబ్బతినేది స్ట్రయేటమ్ వైపు దారి. 1996లో నోల్టన్, మాంగెల్స్, స్క్వైర్ చేసిన ప్రయోగంలో, చూపించిన కార్డుల్ని బట్టి వానా ఎండా చెప్పడం అనే పనిలో, ఆ రోగులకి ప్రయోగంలో ఏం జరిగిందో బాగానే గుర్తుంది, కానీ పని మాత్రం పట్టుబడలేదు. మతిమరపు రోగులకి పని పట్టుబడింది, జరిగిందే గుర్తు లేదు.

మీ ప్రశ్నకి అసలు దగ్గరగా ఉండేది అదే ఏడాది ప్యాకర్డ్, మెక్‌గా ఎలుకలతో చేసిన పని. నాలుగు వీధుల కూడలి లాంటి చట్రం. ఎలుకని ఎప్పుడూ ఒకే వైపు నుంచి వదులుతారు, తిండి ఎప్పుడూ ఒకే పక్క ఉంటుంది. 8వ రోజున దాన్ని ఎదురు వైపు నుంచి వదిలితే, ఎక్కువ ఎలుకలు తిండి ఉండే చోటు గుర్తుపట్టి అటే వెళ్ళాయి. మరో వారం అదే సాధన చేయించి 16వ రోజున ఎదురు వైపు నుంచి వదిలితే, చోటు సంగతి చూడకుండా అలవాటైన పక్కకే తిరిగాయి, తిండి లేని వైపుకి. అప్పుడు స్ట్రయేటమ్‌లో ఒక భాగానికి మత్తు మందు ఎక్కించి మొద్దుబార్చారు. ఎలుకలు మళ్ళీ చోటు గుర్తుపట్టి సరైన వైపుకి వెళ్ళాయి! అంటే మొదటి జ్ఞాపకం చెరిగిపోలేదు. పెత్తనం మాత్రమే చేతులు మారింది.

ఇప్పుడు మీ వర్ణం 16వ రోజు ఎలుక. చేతి దారిలో ప్రతి కదలికకీ ముందు కదలికే పిలుపు. గొలుసు అన్నమాట. దానికి తలుపు ఒక్కటే, పల్లవి మొదటి అక్షరం. మధ్యలో తలుపులు లేవు, ఎందుకంటే మీరు మధ్యలోంచి ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. పైగా స్వరం నోటితో కూడా రావట్లేదంటే, మీ విషయంలో మొదటి ప్రతి కప్పబడిపోవడం కాదు, సరిగా రాయనే లేదని అనుమానం. ఎలుకకి ఉన్న ఆ వెసులుబాటు మీకు లేదు.

ఇంకొకటి, ఇది కొత్తది. 2025లో లండన్ సైన్స్‌బరీ వెల్‌కమ్ సెంటర్ వాళ్ళు నేచర్ పత్రికలో ఒక పని ప్రచురించారు. చిట్టెలుకలకి ఒక శబ్దం వింటే ఎడమకి, ఇంకో శబ్దం వింటే కుడికి వెళ్ళడం నేర్పారు. డోపమిన్ అంటే బహుమతి అందినప్పుడు వచ్చే మెదడు రసాయనమని మనం విన్నాం కదా. స్ట్రయేటమ్ తోక భాగంలో వచ్చే డోపమిన్ మాత్రం బహుమతిని పట్టించుకోలేదు. ఈ శబ్దానికి ఈ కదలిక వస్తుందని ఎంత ఎదురుచూశానో, నిజంగా ఎంత జరిగిందో, ఆ తేడానే అది చూపించింది. సాధన ముదిరిన కొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది. చేసినకొద్దీ గట్టిపడే దారి ఇది. మంచో చెడో చూడదు, ఎన్నిసార్లు చేశావన్నదే దీని లెక్క. వీణ దగ్గరికి వచ్చి చెప్పాలంటే, తప్పు వాయించినా ఆ ఖాతాలో జమే.

మెట్ల_లెక్క:

పై వివరణకి నేనేం కలపను. చెయ్యాల్సింది చెప్తాను.

ముందు లోపం ఎక్కడుందో కొలవాలి. నోట్సు తీసి వర్ణంలో ప్రతి ఆవర్తనానికీ ఒక చీటీ రాయండి: "పల్లవి 1", "పల్లవి 2", "ముక్తాయి 2", "నాలుగో ఎత్తుగడ 2", ఇలా. డబ్బాలో వేసి ఒకటి తీసి, శ్రుతి పెట్టె మీద రెండు సెకన్లలో ఆ ఆవర్తనం సమం అందుకోవాలి. అందితే కుడి కుప్ప, ఆలోచించాల్సి వస్తే ఎడమ కుప్ప. అందుకున్నాక అంతా వాయించక్కర్లేదు, ఆ ఆవర్తనం పూర్తి చేసి, తర్వాతి సమం దాటి ఒక అక్షరం ముందుకు పోయి ఆపండి.

ఆ "సమం దాటి ఒక అక్షరం" అన్నది వదలొద్దు. వరస వరసగా సాధన చేసేవాళ్ళంతా వరస చివర ఆగిపోతారు. వరసలన్నీ వస్తాయి, వరసకీ వరసకీ మధ్య అతుకు మాత్రం రాదు. కచేరీలో తెగేది సరిగ్గా అక్కడే.

ఎడమ కుప్పలో పడ్డ వాటికి మూడు పనులు, ఇదే క్రమంలో. మొదట వీణ లేకుండా, తాళం వేస్తూ స్వరం నోటితో. ఆది తాళం 8 అక్షరాలు, అక్షరానికి 4 చొప్పున, దీర్ఘాలు కూడా కలిపి, ఆవర్తనానికి 32. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకోండి, గాల్లో ఆడించకూడదు. అది ఆడిందంటే నోరు చేతిని అడిగి చెప్తోందన్నమాట, కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. ఎక్కడ ఆగిపోతే ఆ అక్షరం నంబరు నోట్సులో పెన్సిలుతో చుట్టండి. తర్వాత వీణ మీద ఎడమ చెయ్యి మాత్రమే, మీటకుండా, స్వరం పైకి చెప్తూ. ఆ తర్వాతే మీటుతో, చిటికెన వేలు తాళం తీగెల మీద పడుతూ.

కాలం గురించి. మెట్రోనోమ్‌లో అక్షరానికి ఒక దెబ్బ పెట్టుకుని, మొదటి కాలం మామూలుగా 60లో వాయించేవాళ్ళు 40కి దించి చూడండి. చెయ్యి ఒక్కసారిగా మర్చిపోతుంది. చేతి జ్ఞాపకంలో వరస, వేగం కలిసి ముడిపడి ఉంటాయి. వేగం విరిస్తే గొలుసు తెగుతుంది, అప్పుడు బుద్ధి అందుకోవాల్సిందే. కాబట్టి 40లో వాయించడం వేళ్ళకి కాదు, నోటితో చెప్పే జ్ఞాపకానికి సాధన. అది కుదిరాక 52, 60, ఆపైన రెండో కాలం. వేగం నెమ్మదిస్తే గమకం (స్వరాన్ని ఊపే తీరు) సాగదీసి పాడుచేస్తారు, అది చూసుకోండి: స్వరం నిడివి పెరగాలి, లాగు (తీగ లాగడం) నిడివి కాదు.

మోహనలో అసలు తగులుకునేది కూడళ్ళ దగ్గర. ఉన్నవే అయిదు స్వరాలు, అందువల్ల ఒకే తునక చాలాచోట్ల వస్తుంది. "గ ప" దాకా ఒకలాగే వచ్చి, ఒకచోట "ద ప గ రి" అని దిగుతుంది, ఇంకోచోట "ద స" అని పైకి పోతుంది. చెయ్యి ఎప్పుడూ ఎక్కువసార్లు తిరిగిన వైపుకే తిరుగుతుంది. రెండో ఎత్తుగడ స్వరంలోంచి జారి నాలుగోదాంట్లో తేలడం, ఒక ఆవర్తనం మింగేయడం, అన్నీ ఇలాంటి కూడలి దగ్గరే జరుగుతాయి. నోట్సులో అలాంటి తునకలన్నీ వెతికి రెండు నిలువు వరసల్లో రాయండి, ఎడమన ఒక తోక, కుడిన ఇంకో తోక. తునక వాయించి ఎడమ తోక, మళ్ళీ తునక వాయించి కుడి తోక, మార్చి మార్చి. వాయించే ముందు "ఇప్పుడు దిగేది", "ఇప్పుడు ఎక్కేది" అని పైకి అనండి. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది, పనిచేసేది మాత్రం ఆ మాటే.

నోట్సులో కనపడని కూడలి ఇంకొకటి ఉంది, అది వీణకే ప్రత్యేకం. ఒకే "గ" ఒకచోట దాని మెట్టు మీద నేరుగా పలుకుతుంది, ఇంకోచోట కింది మెట్టు మీంచి తీగ లాగితే పలుకుతుంది. కాగితం మీద రెండూ "గ" అనే ఉంటాయి. లాగే వాటి మీద చిన్న వంకర గీత పెట్టుకోండి, లేకపోతే నోటికి వచ్చింది కూడా చేతికి అందదు.

చెయ్యకూడనిది ఒక్కటి. తప్పు పడగానే పల్లవికి వెళ్ళిపోవడం. ఆ తప్పు, ఆ ఆగడం, ఆ వెనక్కి పోవడం మూడూ గొలుసులో కలిసిపోతాయి. కొన్నాళ్ళకి సరిగ్గా అదే చోట ఆగడం కూడా సాధన అయిపోతుంది. తప్పు పడితే చేతులు ఎత్తేయండి. రెండు సెకన్లు నిశ్శబ్దం. స్వరం నోటితో చెప్పి, తప్పు పడ్డ చోటుకి ఒక్క అక్షరం ముందు నుంచి అందుకోండి.

సారణి_తీగ:

చీటీలు రాసి నాలుగు రోజులు చూశాక చెప్తున్నాను. ఇరవై సార్లు తీస్తే ఏడు అందాయి. 40లో వాయిస్తే నిజంగానే చెయ్యి మర్చిపోయింది, ముక్తాయిలోనే.

అనుమానాలు మూడు. కలగలిపి తీస్తుంటే రోజంతా తప్పులే; ఒకే ఆవర్తనం వరసగా ఇరవైసార్లు వాయిస్తే పదోసారికి చక్కగా వస్తోంది. తప్పు కూడా జమే అన్నారు కదా, మరి కలగలపడం నష్టం కాదా? ఒకే రోజు రెండు గంటలు చెయ్యడం మేలా, పొద్దున సాయంత్రం అరగంట చొప్పున మేలా? ఏదైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందంటారు, అది ఎంతవరకు నిజం?

నాడీ_పటం:

21 రోజుల మాట ముందు తీసి పక్కన పెడదాం. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పనిలో, రోజూ ఒక చిన్న పని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి అది అలవాటుగా కుదరడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. అవి భోజనంతో పాటు పండు తినడం, మంచినీళ్ళు తాగడం లాంటి పనులు. వర్ణానికి ఆ లెక్క కూడా వర్తించదు.

ఇరవైసార్లు వరసగా వాయిస్తే పదోసారికి చక్కగా రావడం మీద నమ్మకం పెట్టుకోకండి. రెండోసారి నుంచి మీరు గుర్తు తెచ్చుకోవట్లేదు, ఇప్పుడే వాయించింది ఇంకా చేతిలో వెచ్చగా ఉంటే దాన్నే కొనసాగిస్తున్నారు. 1979లో షియా, మోర్గన్ చేతి కదలికలు మూడు రకాలు నేర్పారు, కొందరికి ఒక్కోటి వరసగా, కొందరికి కలగలిపి. నేర్చుకునేటప్పుడు వరసవాళ్ళే మెరుగు. పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలగలిపి నేర్చుకున్నవాళ్ళు మెరుగు. చదువులోనూ ఇదే వాసన: రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్ళకి అయిదు నిమిషాల తర్వాత 83 శాతం గుర్తుంది, ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవాళ్ళకి 71 శాతం. వారం తర్వాత తారుమారు, 40కి 61. ఆ రోజు బాగా రావడం వేరు, నిలవడం వేరు. ఆ రోజు బాగా వచ్చిందని సంతోషపడేవాళ్ళే వారం తర్వాత ఇక్కడికి వచ్చి ప్రశ్న వేస్తారు (మిమ్మల్ని కాదు).

మరి తప్పు జమ కావడం? న్యాయమైన ప్రశ్న. అందుకే మెట్ల_లెక్క గారు రెండు సెకన్ల నిశ్శబ్దం, నోటితో చెప్పడం పెట్టారు. చీటీ తీశాక స్వరం నోటికి వస్తేనే మీటండి. రాకపోతే నోట్సు చూసి, చెప్పి, అప్పుడు మీటండి. తప్పు నోటి దగ్గరే ఆగిపోతుంది, వేళ్ళ దాకా దిగదు. నోటి తప్పు దిద్దుకుంటే పోతుంది. వేలి తప్పు విదిలించుకోవడం కష్టం.

గంటల సంగతి: విడగొట్టడమే మేలు, మధ్యలో ఒక రాత్రి నిద్ర పడితే ఇంకా మేలు. వాకర్, స్టిక్‌గోల్డ్ బృందం 2002లో ఎడమ చేతి వేళ్ళతో 4, 1, 3, 2, 4 అనే వరస కీబోర్డు మీద కొట్టించారు. మధ్యలో నిద్ర లేకుండా పగలంతా గడిచాక చూస్తే పెద్ద తేడా లేదు. రాత్రి నిద్ర తర్వాత, మళ్ళీ సాధన చెయ్యకుండానే, సుమారు 20 శాతం వేగం పెరిగింది, తప్పులు పెరగలేదు. వీణకి మీ ఎడమ చెయ్యే కాబట్టి ఈ ప్రయోగం కాస్త దగ్గర చుట్టమే. కొత్తగా దిద్దిన కూడలి ఏదైనా ఉంటే సాయంత్రం సాధనలో ఆఖరున పెట్టుకుని, దాని మీద మళ్ళీ పాత తోక వాయించకుండా పడుకోండి.

క్రమపాఠి:

ఈ దారంలో "ఊరికే వల్లె వేస్తే లాభం లేదు" అన్నట్టు ధ్వనిస్తోంది, ఒక్క మాట కలుపుతాను. ఊరికే వల్లె వెయ్యడంలో కూడా రకాలున్నాయి. మన వేదపాఠశాలల్లో సంహిత (వేదం ఉన్నది ఉన్నట్టు వరసగా చెప్పడం) వచ్చాక పదం, క్రమం, జట, ఘన అని వరసగా చెప్పిస్తారు. అది మీ చీటీల డబ్బాకి తాతముత్తాత.

పదాలకి 1, 2, 3 అని నంబర్లు ఇచ్చుకోండి. క్రమంలో 1 2, 2 3, 3 4. ప్రతి పదం రెండుసార్లు, ఒకసారి ముందు దానికి తోకగా, ఒకసారి తర్వాత దానికి తలగా. అతుకు సాధన అంటే ఇదే. జటలో 1 2, 2 1, 1 2, తర్వాత 2 3, 3 2, 2 3. పదానికి ఆరు సార్లు. ఘనలో 1 2, 2 1, 1 2 3, 3 2 1, 1 2 3. ఆపైన 2 నుంచి మళ్ళీ అదే ఎత్తు. మధ్యలో ఉన్న ఏ పదం తీసుకున్నా మొత్తం పదమూడు సార్లు నోట పడుతుంది, ఎక్కువగా వేరు వేరు ఇరుగుపొరుగుతో, కొన్ని వెనక్కి నడుస్తూ. వెనక్కి నడిచేటప్పుడు సంధి మారిపోతుంది, స్వరం మారిపోతుంది, కాబట్టి గొలుసుగా జారిపోవడానికి వీల్లేదు. ప్రతి పదం విడిగా తెలియాలి. సంహిత మాత్రమే వచ్చినవాళ్ళని పన్నం (వేదంలో ఒక భాగం) మధ్యలో ఆపితే మొదటికి పోతారు, మీరు పల్లవికి పోయినట్టే. ఘన దాకా చదివిన ఘనపాఠిని ఎక్కడ ఆపినా అక్కణ్ణుంచే అందుకుంటాడు.

జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 2016లో 21 మంది యజుర్వేద పండితుల మెదళ్ళని ఎమ్‌ఆర్‌ఐలో చూసి, కుడి హిప్పోక్యాంపస్‌లోనూ ఇంకా చాలాచోట్లా బూడిద పదార్థం మామూలువాళ్ళ కంటే ఎక్కువ ఉందని రాసింది. సాధన వల్లే పెరిగిందా, అలాంటివాళ్ళే ఆ చదువులో నిలబడ్డారా అన్నది ఒకసారి తీసిన బొమ్మలో తేలదు. ఈ పని గురించి వాట్సాప్‌లో తిరిగే ముక్కలో ఈ మాట ఉండదు.

వర్ణానికి ఘన వాయించమని చెప్పను, రాగం చెడుతుంది, మోహనని తలకిందులు చేస్తే అది మోహన కాదు. కానీ ఆవర్తనాల మట్టుకు క్రమం వాడుకోవచ్చు: 1 2, 2 3, 3 4. అతుకులన్నీ రెండు వైపుల నుంచీ గట్టిపడతాయి.

మెట్ల_లెక్క:

క్రమపాఠి గారి మాట తీసుకుంటున్నాను, మూడో వారం నుంచి సరిగ్గా అదే చెయ్యొచ్చు.

ఆరు వారాలు ఇలా పంచుకోండి. మొదటి రెండు వారాల్లో మొదటి నుంచి చివరికి వాయించడం రోజుకి ఒక్కసారికి మించొద్దు. కష్టమే, చెయ్యి దురద పెడుతుంది, అయినా ఒక్కసారే. మిగతా సమయం చీటీలు, ఎడమ కుప్ప పని. మూడు, నాలుగు వారాల్లో క్రమం పద్ధతి, కూడళ్ళు, చీటీల్లో అయిదో అక్షరాలు కూడా చేర్చడం, అంటే లఘువు (మొదటి నాలుగు అక్షరాలు) అయిపోయి మొదటి ద్రుతం (తర్వాతి రెండు) మొదలయ్యే చోటు. సమం ఒక్కటే తలుపు అయితే వేదిక మీద తడబడినప్పుడు ఆవర్తనం అంతా ఆగి చూడాలి. అయిదో అక్షరం కూడా తలుపైతే సగం ఆవర్తనంలో దొరుకుతుంది. ఇరవై చీటీల్లో పద్దెనిమిది వరసగా మూడు రోజులు అందితే ఈ పని ఆపేయండి.

ఆఖరి రెండు వారాల్లో లెక్క తిరగబడుతుంది. అప్పుడు మొత్తం వర్ణం ఎక్కువ, చీటీలు రోజుకి అయిదారు. ఎందుకంటే వేదిక మీద వాయించాల్సింది చేతి దారే. అక్కడ కూర్చుని "ఇప్పుడు చూపుడు వేలు, ఇప్పుడు లాగు" అని వేళ్ళ మీద కన్నేస్తే బాగా వచ్చింది కూడా తడబడుతుంది. బుద్ధికి ఆ పూట ఇంకో పని పెట్టాలి: సాహిత్యం మనసులో పాడుకోవడం, తాళం తీగెలు వినడం. నోటితో చెప్పే జ్ఞాపకం గొలుసు తెగినప్పుడు పట్టుకోవడానికి, తెగకుండా నడిపించడానికి కాదు.

ఆ తెగడాన్ని కూడా సాధన చెయ్యాలి. ఇంట్లో ఎవరినైనా మధ్యలో ఒక్కసారి చప్పట్లు కొట్టమనండి. చప్పుడు వినగానే ఎడమ చెయ్యి ఆపి, కుడి చేతి చిటికెన వేలితో తాళం తీగెలు మాత్రం వేస్తూ ఉండి, వచ్చే సమం మీదో అయిదో అక్షరం మీదో అందుకోండి. తాళం ఆగకపోతే గుళ్ళో కూర్చున్నవాళ్ళలో సగం మందికి తెలియను కూడా తెలియదు.

గుళ్ళో మైకు ముందు మీ వీణ మీకే వేరుగా వినిపిస్తుంది, కింద చాప, పక్కన మృదంగం. చెయ్యి పిలుపుల్లో చెవి కూడా ఒకటి కాబట్టి ఆ తేడాకే కొన్ని గొలుసులు తెగుతాయి. చివరి వారంలో రెండు మూడుసార్లైనా వేరే గదిలో, వేరే చాప మీద, ఫ్యాను వేసుకుని వాయించండి. తీగెలు మార్చాల్సి ఉంటే ఇప్పుడే మార్చేయండి. పండగ ముందు వేసిన కొత్త తీగ సాగుతూనే ఉంటుంది, శ్రుతి దిగుతుంది, లాగు తగ్గిపోతుంది.

సారణి_తీగ:

సారణి (వీణ మీద మొదటి తీగ) ఈ రోజే మార్చేస్తాను. చప్పట్ల పని తమ్ముడికి అప్పగించాను, ఒక్కసారి అని గట్టిగా చెప్పి.